రోమ్ మ్యూజియాలు: నాలుగు రోజుల్లో ఏది ముందు, ఏది తర్వాత, ఏది వదిలేయాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: అక్టోబరులో హైదరాబాద్ నుంచి నలుగురు వెళ్తున్నారు. అమ్మగారు, నాన్నగారు అరవై దాటినవాళ్లు. రోమ్‌లో ఉండేది నాలుగు రోజులు. దిగిన మర్నాడే వాటికన్‌తో మొదలుపెట్టి, రోజుకు మూడు మ్యూజియాల చొప్పున జాబితా రాసుకున్నారు. మ్యూజియాలకు, బస్సు, మెట్రోలకు కలిపి ఇచ్చే రోమా పాస్ కొనాలా వద్దా అన్నది రెండో ప్రశ్న.

పాస్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ జాబితా మార్చండి. రోజుకు ఒక పెద్ద మ్యూజియం, ఓపిక మిగిలితే దగ్గర్లో ఒక చిన్నది, అంతే. వాటికన్‌ను మూడో రోజుకు జరపండి. మొదటి రోజు పలాజ్జో మాస్సిమో అనే ప్రాచీన రోమన్ శిల్పాల మ్యూజియానికి వెళ్లండి. మీ జాబితాలో అసలు లేనిది అదే.

ఎందుకంటే వాటికన్‌లో శిల్పాలు వందల్లో ఉంటాయి, చాలావాటి పక్కన వివరం ఒకటి రెండు ముక్కలకు మించి ఉండదు, వెనక నుంచి జనం తోసుకొస్తుంటారు. అక్కడ నిలబడి నేర్చుకోవడం కుదిరే పని కాదు. రోమన్ శిల్పాన్ని ఎలా చూడాలో ముందే కొంత తెలిసి వెళ్తే, ఆ రద్దీలో కూడా కావలసింది కంటికి ఆనుతుంది. లేకపోతే మూడు గంటలు నడిచి, సిస్టీన్ చాపెల్ చేరేసరికి కాళ్లనొప్పులు తప్ప ఏమీ గుర్తుండవు. కన్ను సిద్ధం చేసుకోవడానికి మాస్సిమోను మించిన చోటు రోమ్‌లో లేదు. పైగా ఖాళీగా ఉంటుంది.

పలాజ్జో మాస్సిమో టెర్మినీ స్టేషన్‌కు ఎదురుగానే, నడిచి ఐదు నిమిషాలు. సోమవారం సెలవు, మిగతా రోజుల్లో సాయంత్రం 7 వరకు ఉంటుంది. మన దగ్గర్నుంచి వెళ్లినవాళ్లకు అక్టోబరులో మూడున్నర గంటల తేడా ఉంటుంది, చివరి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక నాలుగున్నర. మొదటి రోజు సాయంత్రం ఐదింటికే కళ్లు వాలిపోతాయి. కాబట్టి మధ్యాహ్నం రెండింటికి లోపలికి వెళ్లి నాలుగున్నరకు బయటపడేలా చూసుకోండి. ఇది నేషనల్ రోమన్ మ్యూజియంలో ఒక భాగం. అదే సంస్థకు చెందిన డయోక్లీషియన్ స్నానశాలలు, పలాజ్జో ఆల్టెంప్స్ కూడా కలిపి చూసే ఉమ్మడి టికెట్ ఉంది, వారం రోజులు చెల్లుతుంది. మరమ్మతుల కోసం ఒక్కోసారి ఒక్కో అంతస్తు మూసేస్తుంటారు. టికెట్ కొనేముందే కౌంటర్ దగ్గర ఏది మూశారో అడగండి.

లోపలికి వెళ్లగానే లిఫ్టులో పై అంతస్తుకు వెళ్లండి. అగస్టస్ చక్రవర్తి భార్య లివియాకు నగరం బయట ప్రీమా పోర్తా దగ్గర ఒక విల్లా ఉండేది. 1863లో అక్కడ తవ్వకాల్లో బయటపడ్డ గది గోడలను ఊడదీసి తెచ్చి, అదే కొలతల్లో ఇక్కడ నిలబెట్టారు. నాలుగు గోడలనిండా తోట: దానిమ్మ, క్విన్స్ పళ్లు, గన్నేరు, గులాబీలు, కొమ్మల మధ్య పిట్టలు, ముందు ఒక చిన్న కంచె. వేరువేరు ఋతువుల్లో పూసేవి, కాసేవి అన్నీ ఒకేసారి పూసి కాసి ఉంటాయి. మధ్యలో కూర్చుని గోడల పై అంచు చూడండి, గుహ కప్పు అంచులా రాళ్లు వేలాడుతున్నట్టు గీశారు. అది నేల కింది గది. ఎండాకాలంలో చల్లగా కూర్చుని భోంచేయడానికి వాడారని అంచనా. కనీసం పదిహేను నిమిషాలు ఇవ్వండి. అమ్మగారు, నాన్నగారు కూర్చోవడానికి కూడా ఇది మంచి చోటు.

తర్వాత ఒక అంతస్తు దిగి లాంచెలొత్తి డిస్కోబోలస్ దగ్గర ఆగండి. గుండ్రటి పళ్లెం విసరబోతున్న ఆటగాడు. అసలు విగ్రహం గ్రీకు శిల్పి మైరన్ చేసిన కంచుది, అది ఎప్పుడో పోయింది. ఇది రోమన్లు పాలరాతిలో చెక్కుకున్న నకలు. నకలు అని కంటికి తెలిపే గుర్తు కాలి పక్కన ఉండే చెట్టు మొద్దు. కంచు లోపల డొల్లగా, తేలిగ్గా ఉంటుంది. బరువును లోపలి నుంచి సర్దుకోవచ్చు, ఒంటికాలి మీద నిలబెట్టినా నిలుస్తుంది. రాయికి ఆ బలం లేదు. సన్నటి చీలమండ మీద బరువంతా పడితే విరుగుతుంది, అందుకని మొద్దు చెక్కి ఆసరా ఇచ్చారు. చేతికీ నడుముకీ మధ్య చిన్న రాతి కడ్డీ కనిపించినా అర్థం అదే. ఈ ఒక్క గుర్తు తెలిస్తే చాలు, వాటికన్‌లోనూ, రెండో రోజు చూసే కాపిటోలిన్ మ్యూజియాల్లోనూ సగం విగ్రహాల పుట్టుక మీకు మీరే చెప్పుకోగలరు.

ఇక కింది అంతస్తులో ఉన్న మల్లయోధుడి దగ్గరికి రండి. సరిగ్గా చెప్పాలంటే బాక్సర్. ఆట ముగిశాక కూర్చుని ఉంటాడు. 1885లో క్విరినాల్ కొండ వాలులో దొరికింది, ఇది అసలైన కంచు. దీని ముందు మోకాళ్ల మీద వంగి ముఖం దగ్గరగా చూడండి. పెదవులు, బుగ్గల మీది గాట్లు, చెవి మీది చీలికలు ఎర్రటి రాగి ముక్కలతో పొదిగారు. కుడి చేతి మీద, తొడ మీద పడ్డ రక్తపు చుక్కలు కూడా రాగివే. కుడి కన్ను కింద కమిలిన చోట ముదురు రంగు వచ్చేలా వేరే మిశ్రమ లోహం పోశారు. చెవులు దెబ్బలు తిని తిని ఉబ్బిపోయి ఉంటాయి. ముంజేతులకు చుట్టిన తోలు పట్టీల ముళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. ఎవరో పిలిస్తే తల తిప్పి పైకి చూసినట్టు ఉంటాడు, కాబట్టి అతని చూపు పడే వైపు, అంటే అతని కుడి పక్కకు వెళ్లి నిలబడండి. చాలామంది ఎదురుగా నిలబడి ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. ఆ కోణంలో ముఖం సగమే కనిపిస్తుంది.

నేలమాళిగలో నాణేల విభాగం ఉంది. అది తెరిచి ఉంటే తెలుగువాళ్లు వదలకూడదు. అగస్టస్, టైబీరియస్ కాలపు వెండి దెనారియస్‌లు, చక్రవర్తుల బంగారు నాణేలు వరుసగా పెట్టి ఉంటాయి. అలాంటివే నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో కుండ నిండా దొరికాయి, వినుకొండలో బంగారు నాణేలు దొరికాయి. శాతవాహనుల కాలంలో సముద్ర వ్యాపారం మీద వచ్చిన సొమ్ము అది. నాణెం మీది చక్రవర్తి ముఖం జాగ్రత్తగా చూసుకోండి, మర్నాడు పనికొస్తుంది.

రెండో రోజు ఉదయం ఎలాగూ కొలొసియం, ఫోరమ్ చూస్తారు కాబట్టి మధ్యాహ్నం కాపిటోలిన్ మ్యూజియాలు పెట్టుకోండి. రెండూ పక్కపక్కనే. 1471లో పోప్ నాలుగో సిక్స్‌టస్ కొన్ని కంచు విగ్రహాలను రోమ్ ప్రజలకు ఇచ్చాడు, అక్కడినుంచి ఈ సేకరణ మొదలైంది. 1734లో జనానికి తలుపులు తెరిచారు. వారమంతా ఉదయం 9:30 నుంచి రాత్రి 7:30 వరకు ఉంటుంది, ఒక గంట ముందే లోపలికి పంపడం ఆపేస్తారు. మీ నాలుగు రోజుల్లో సోమవారం ఉంటే ఆ రోజుకు ఇదే పెట్టుకోండి. మాస్సిమో, బోర్గేసే సోమవారం మూసి ఉంటాయి.

రెండు భవనాలు, మధ్యలో మైకెలాంజెలో రూపకల్పన చేసిన చౌకు, రెండింటినీ కలుపుతూ చౌకు కింద సొరంగం. చౌకులో గుర్రం మీద ఉన్న మార్కస్ అరేలియస్ విగ్రహం నకలు, అసలుది లోపల అద్దాల కప్పు కింద ఉంది. ఆ హాల్లోనే గోడలా కనిపించే పెద్ద రాతి దిమ్మెల వరుస జూపిటర్ గుడి పునాది, క్రీస్తు పూర్వం ఆరో శతాబ్దానిది. దాన్ని దాటుకుని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. కవల పిల్లలకు పాలిచ్చే తోడేలు విగ్రహాన్ని చాలా పుస్తకాలు ఇంకా రోమన్లకు ముందు అక్కడ వెలిగిన ఎట్రుస్కన్ల పనిగానే రాస్తాయి. కానీ శాస్త్రీయ పరీక్షల ప్రకారం అది మధ్యయుగాలలో పోతపోసినదే అయ్యే అవకాశం ఎక్కువ. పిల్లలను మాత్రం పదిహేనో శతాబ్దంలో చేర్చారని అందరూ ఒప్పుకుంటారు.

కాపిటోలిన్‌లో ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఆ రెండు భవనాల్లో ఒకటైన పలాజ్జో నువోవోలోని చక్రవర్తుల గదికి. అరవైకి పైగా తలలు అరల మీద వరుసగా ఉంటాయి. చాలామందికి అన్నీ ఒకేలా కనిపించి రెండు నిమిషాల్లో బయటికి వచ్చేస్తారు. పేర్లు చదవకుండా జుట్టు, గడ్డం, కళ్లు చూసి కాలం చెప్పడం ఇక్కడ సాధన చేయండి.

నున్నటి గడ్డం, నుదుటి మీదికి దువ్విన చిన్న ముంగురులు ఉంటే మొదటి వంశం, అంటే అగస్టస్ నుంచి నీరో దాకా. అగస్టస్ నుదుటి మీద వెంట్రుకల పాయలు ఒకచోట పంగలా చీలి, పక్కనే మళ్లీ దగ్గరకు వస్తాయి. ప్రతి విగ్రహంలోనూ అదే అమరిక, ఎందుకంటే రాజధానిలో చేసిన మాదిరిని అందరూ అలాగే దించారు. మాస్సిమోలో చూసిన నాణేల మీద ముఖం ఇక్కడ గుర్తుపట్టగలిగితే సంబరంగా ఉంటుంది. బట్టతల, ముడతలు, మొరటు రైతులాంటి ముఖం ఉంటే వెస్పేషియన్ (69–79). ఆడవాళ్ల జుట్టు నుదుటి పైన ఎత్తుగా లేచి, తేనెపట్టులా చిల్లులు చిల్లులుగా ఉంటే అదే వంశం కాలం. ఆ చిల్లులు రాయి తొలిచే బర్మాతో వేసినవి. నిండు గడ్డం పెంచిన తొలి చక్రవర్తి హేడ్రియన్ (117–138). ఇంచుమించు ఆయన కాలం నుంచే కంటిపాపను రాతిలో గీయడం, తొలవడం మొదలైంది. అంతకుముందు కళ్లు నున్నగా వదిలి రంగు వేసేవారు, ఆ రంగు పోయింది కాబట్టి చూపు లేనట్టు ఉంటాయి. గుబురు గడ్డం, లోతుగా తొలిచిన ఉంగరాల జుట్టు, బరువైన కనురెప్పలు ఉంటే మార్కస్ అరేలియస్ కాలం. మూడో శతాబ్దంలో సైనికులు చక్రవర్తులయ్యాక జుట్టు పొట్టిగా, ఉలి మొనతో చుక్కలు చుక్కలుగా పొడిచినట్టు మారుతుంది, నుదుటి మీద ఆందోళన గీతలు పడతాయి. పెద్ద కళ్లతో ఆకాశం వైపు చూస్తుంటే కాన్‌స్టంటైన్. ఆయన రాతి తల, చెయ్యి, పాదం ఎదుటి భవనం ముంగిట్లో ఉన్నాయి. వాటి ఆధారంగా మళ్లీ కట్టిన 13 మీటర్ల పూర్తి విగ్రహం పక్కనే విల్లా కఫరెల్లి తోటలో నిలబెట్టారు.

ఇక్కడే ఇంకో సంగతి కూడా పట్టుకోవాలి. ముక్కులు, వేళ్లు, కొన్నిచోట్ల తలలే 16, 17, 18 శతాబ్దాల్లో అతికించినవి. విరిగిన విగ్రహానికి అప్పట్లో ధర పలికేది కాదు, అందుకని శిల్పులతో పూర్తి చేయించేవారు. ముక్కు మొదట్లో సన్నటి తిన్నని గీత ఉందేమో చూడండి, పాతరాయి ఎప్పుడూ తిన్నగా విరగదు. అతుకు వేయడానికి కోసి నున్న చేశారు కాబట్టే ఆ గీత. అటూ ఇటూ రాయి రంగు మారుతుంది, కొత్త భాగం ఎక్కువ మెరుస్తుంది. తల ఒక విగ్రహానిది, ఒళ్లు ఇంకోదానిది అయిన సందర్భాలు కూడా కొల్లలు.

సొరంగంలో నుంచి టాబులారియం, అంటే పాత రోమన్ దస్తావేజుల భవనం, వరండా వైపు మెట్లెక్కితే ఫోరమ్ మొత్తం మీ కాళ్ల కింద పరచుకుని కనిపిస్తుంది. పొద్దు వాలే వేళకు అక్కడ ఉండేలా చూసుకోండి. ఆ వరండా తెరిచి ఉందో లేదో లోపలికి వెళ్లగానే కనుక్కుంటే దారి సరిగ్గా వేసుకోవచ్చు.

మూడో రోజు వాటికన్. ఆదివారాలు సెలవు. నెలలో చివరి ఆదివారం మాత్రం ఉచితంగా తెరుస్తారు, ఆ రోజు అస్సలు వెళ్లకండి. బుధవారం ఉదయం చౌకులో పోప్ దర్శనం ఉంటే సెయింట్ పీటర్స్ చర్చి మధ్యాహ్నం దాకా తెరవరు, రెండూ ఒకే పూట చూద్దామనుకుంటే ఆ రోజు కుదరదు. నవంబరు 1, డిసెంబరు 8, జూన్ 29 లాంటి పండగ రోజుల్లో మ్యూజియం మూసి ఉంటుంది. మామూలు రోజుల్లో ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు, ఆఖరి ప్రవేశం సాయంత్రం 6. టికెట్ 20 యూరోలు, ఆన్‌లైన్ బుకింగ్‌కు ఇంకో 5. ధరలు మారుతుంటాయి, కొనే రోజు చూసుకోండి. 60 రోజుల ముందు నుంచి అమ్ముతారు. సొంత సైట్ చిరునామా చివర డాట్ వీఏ అని ఉంటుంది, డాట్ కామ్ అని ఉన్నవన్నీ మధ్యవర్తులవి. ప్రవేశం చర్చి చౌకులోంచి కాదు, ఉత్తరం వైపు వియాలే వాటికానో నుంచి. టెర్మినీలో మెట్రో ఏ లైను ఎక్కితే ఆరో స్టేషన్ ఒట్టావియానో. స్టేషన్ బయట మెడలో కార్డు వేలాడదీసుకున్నవాళ్లు "ఈరోజు టికెట్లు అయిపోయాయి, మా దగ్గర ఉన్నాయి" అంటూ వెంటపడతారు. మ్యూజియం మనుషులు రోడ్డు మీదికి రారు. ఆగకుండా నడవండి.

భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. చీర, చుడీదార్‌కు ఇబ్బంది లేదు, చేతుల్లేని జాకెట్ అయితే పైన కొంగో శాలువానో కప్పుకోవాలి. 40 × 35 × 15 సెంటీమీటర్లు దాటిన సంచి సామాన్ల గదిలో పెట్టాలి. దాన్ని తీసుకోవడానికి మళ్లీ ప్రవేశం దగ్గరికే రావాలి, అందుకని చిన్న సంచితోనే వెళ్లండి. నాన్నగారికి మోకాళ్ల నొప్పులుంటే చక్రాల కుర్చీ ఉచితంగా ఇస్తారు, గుర్తింపు కార్డు అట్టిపెట్టుకుంటారు. లిఫ్టుల దారి వేరుగా ఉంటుంది, సిబ్బందిని అడిగితే చూపిస్తారు.

పైకి వెళ్లగానే జనమంతా "సిస్టీన్" అన్న బాణం గుర్తుల వెంట పడతారు. మీరు కుడివైపు తిరిగి ముందు పినకోటెకా, అంటే చిత్రాల గ్యాలరీకి వెళ్లండి. గైడ్లతో వచ్చే గుంపులు దీన్ని వదిలేస్తాయి. రఫాయెల్ ఆఖరి చిత్రం ట్రాన్స్‌ఫిగరేషన్, లియోనార్డో పూర్తి చేయకుండా వదిలేసిన సెయింట్ జెరోమ్, కారవాజ్జో గీసిన క్రీస్తు సమాధి చిత్రం ఇక్కడే ఉన్నాయి. ఉదయం మొదటి గంటలో ఆ గదుల్లో మీ అడుగుల చప్పుడు మీకే వినిపిస్తుంది. సిస్టీన్ దాకా వెళ్లాక వెనక్కి రావడం కష్టం, దారి ఒకవైపే సాగుతుంది. కాబట్టి ఇది ముందే చూడాలి.

అక్కడినుంచి ఎనిమిది మూలల ముంగిలి. లావొకోన్ శిల్పం 1506 జనవరిలో ఒక ద్రాక్షతోటలో దొరికింది, వాటికన్ మ్యూజియాల పుట్టుక దాంతోనే లెక్కిస్తారు. పాములు చుట్టుకున్న తండ్రి కుడి చెయ్యి చూడండి, మోచేతి దగ్గర తలవెనక్కి మడిచి ఉంటుంది. దొరికినప్పుడు ఆ చెయ్యి లేదు. అప్పటి శిల్పులు నిటారుగా చాపిన చెయ్యి అతికించారు, నాలుగు వందల ఏళ్లు అందరూ అదే చూశారు. 20వ శతాబ్దం మొదట్లో లుడ్విగ్ పొల్లాక్ అనే పరిశోధకుడికి ఒక రాతిపనివాడి దుకాణంలో మడిచిన చెయ్యి దొరికింది. 1950ల చివర్లో పాత చెయ్యి తీసేసి దాన్ని బిగించారు. కాపిటోలిన్‌లో అతుకులు చూసి వచ్చిన కంటికి ఈ కథ రాయి మీదే కనిపిస్తుంది.

తర్వాత వచ్చే పొడవాటి గ్యాలరీల్లో పటాల గ్యాలరీ ఒక్కటి నెమ్మదిగా నడవండి. 120 మీటర్లు, గోడల మీద ఇటలీ ప్రాంతాల పటాలు 40. అక్కడ అందరూ బంగారు పైకప్పునే ఫోటో తీస్తుంటారు. రఫాయెల్ గదులకు వెళ్లే దారి చూపే పలక మీద నిఘా ఉంచండి. రద్దీ ఎక్కువైన రోజుల్లో సిస్టీన్‌కు దగ్గరి దారి విడిగా తెరుస్తారు, అటు పోతే రఫాయెల్ గదులు తప్పిపోతాయి. స్కూల్ ఆఫ్ ఏథెన్స్‌లో కింద మెట్ల దగ్గర రాతి దిమ్మె మీద మోచెయ్యి ఆనించి, బూట్లు వేసుకుని కూర్చున్న ఒంటరి మనిషి, తర్వాత చేర్చిన బొమ్మ. ఆ ముఖం మైకెలాంజెలోదని చాలామంది పండితుల మాట.

సిస్టీన్ చాపెల్‌లో ఫోటోలు నిషేధం, మాట్లాడకూడదు. మీరు పీఠం ఉన్న గోడ పక్క తలుపులోంచి లోపలికి వస్తారు. తుది తీర్పు చిత్రం మీ వెనక ఉంటుంది. అక్కడే ఆగి తల ఎత్తితే కాపలావాళ్లు ముందుకు కదలమంటారు. నేరుగా ఆ చివరికి నడిచి, గోడ వెంట ఉన్న బల్లల మీద చోటు దొరికేదాకా ఓపిక పట్టి కూర్చోండి. ఇప్పుడు పైకప్పును ఆ చివర నుంచే చదవడం మొదలుపెట్టండి, మైకెలాంజెలో 1508లో పని మొదలుపెట్టింది అటునుంచే. జలప్రళయం దృశ్యంలో మనుషులు చిన్నగా, గుంపులుగా ఉంటారు, 20 మీటర్ల కింద నుంచి పోల్చుకోవడం కష్టం. పని సగమయ్యాక సారువ తీశారు, కింద నుంచి ఎలా కనిపిస్తోందో ఆయన అప్పుడు చూశాడు. అక్కడినుంచి పీఠం వైపు పోనుపోను దృశ్యాల్లో మనుషులు తగ్గుతారు, ఒక్కొక్కరూ పెద్దవాళ్లవుతారు. ఆదాము సృష్టిలో రెండు చేతుల మధ్య ఖాళీ తప్ప ఇంకేమీ చూడనక్కర్లేనంత తేటగా అయిపోతుంది. 1512లో పైకప్పు పూర్తయింది. ఎదుటి గోడ మీది తుది తీర్పు ఆయన 1536 నుంచి 1541 దాకా, అరవై దాటిన వయసులో ముగించిన పని. అరగంట కూర్చోండి, ఎవరూ లేపరు.

చాపెల్ నుంచి నేరుగా సెయింట్ పీటర్స్‌కు పోయే తలుపు గైడ్ గుంపుల కోసం ఉంచింది. అది దొరుకుతుందని ఆశపెట్టుకుని ప్లాన్ వేయొద్దు. మామూలు దారిలో బయటికొచ్చి ప్రాకారం చుట్టూ నడిచి, చౌకులో మళ్లీ తనిఖీ లైనులో నిలబడాలి. పెద్దవాళ్లతో అదే రోజు కష్టం, చర్చి ఇంకో ఉదయం ఏడున్నరకల్లా వెళ్తే లైను ఉండదు.

నాలుగో రోజు బోర్గేసే గ్యాలరీ. ముందు బుకింగ్ లేకుండా ఇక్కడికి వెళ్లడం దండగ. రెండు గంటల గడువు ఉంటుంది, అది దాటాక బయటికి పంపేస్తారు. సంచులన్నీ కింద సామాన్ల గదిలో ఇవ్వాలి కాబట్టి అరగంట ముందు చేరండి. టెర్మినీ నుంచి 910 నంబరు బస్సు దగ్గర్లో దింపుతుంది. లోపలికి వెళ్లినవాళ్లంతా కింది అంతస్తులో బెర్నీని శిల్పాల చుట్టూ మూగుతారు. మొదటి నలభై నిమిషాలు పై అంతస్తులో చిత్రాలు, ముఖ్యంగా టిషియన్, రఫాయెల్ చూసి, తర్వాత కిందికి దిగండి.

అపోలో దేవుడు తరుముతుంటే చెట్టుగా మారిపోతున్న డాఫ్నే శిల్పం (1622–1625) చుట్టూ వెనక నుంచి మొదలుపెట్టి తిరగండి. మొదట పరిగెత్తే మగవాడి వీపు, అతని ఉత్తరీయం మాత్రమే ఉంటాయి. పక్కకు వచ్చేకొద్దీ ఆమె వేళ్లు ఆకులవడం, కాలివేళ్లు వేళ్లూనడం, నడుము చుట్టూ బెరడు ఎక్కడం ఒక్కొక్కటే బయటపడతాయి. ఆకుల అంచుల వెనక దీపం ఉన్నచోట వెలుగు రాతిలోంచి దిగుతుంది. ప్రొసెర్పినా శిల్పంలో ఆమెను ఎత్తుకుపోతున్న పాతాళ దేవుడు ప్లూటో వేళ్లు ఆమె తొడలో దిగిన చోట రాయి చర్మంలా నొక్కుకుపోయి ఉంటుంది. అప్పటికి బెర్నీని వయసు ఇరవై రెండు, ఇరవై మూడు. మన సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెకాను చెక్కిన బెంజోని కూడా రోమ్‌లో పనిచేసినవాడే. అతనికి రెండు వందల ఏళ్లకు పైగా ముందే ఇదే ఊళ్లో పాలరాతితో ఏం సాధించారో ఇక్కడ తెలుస్తుంది. బయల్దేరేముందు ఒకసారి సాలార్‌జంగ్‌కు వెళ్లి ఆ ముసుగు మడతలు దగ్గరగా చూసి రండి. కింది అంతస్తులోనే ఒక గదిలో కారవాజ్జో చిత్రాలు ఉంటాయి. గొలియాతు తెగిన తల పట్టుకున్న దావీదు చిత్రంలో ఆ తల చిత్రకారుడి సొంత ముఖమే అంటారు.

ఆ మధ్యాహ్నం కారవాజ్జోను టికెట్ లేకుండా చర్చిల్లో చూడొచ్చు: సాన్ లుయిజీ దేయి ఫ్రాంచేజి, సాంత్ అగోస్తీనో, సాంతా మరియా దెల్ పోపోలో. చాపెళ్లు చీకటిగా ఉంటాయి, పక్కన పెట్టెలో నాణెం వేస్తే దీపం కొద్ది నిమిషాలు వెలుగుతుంది. యాభై సెంట్లు, ఒక యూరో నాణేలు ముందే మార్చి ఉంచుకోండి, అక్కడ చిల్లర ఇచ్చేవాళ్లు ఉండరు. ఇలాంటి చర్చిలు మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నరకు మూసి మళ్లీ మూడు, నాలుగు మధ్య తెరుస్తాయి. బోర్గేసే తర్వాత నిదానంగా భోంచేసి నాలుగింటికి మొదలుపెడితే సరిపోతుంది.

మీ జాబితాలో వదిలేయమని చెప్పేవి: ఈసారికి పలాజ్జో బార్బెరీని, డోరియా పాంఫీలి రెండూ. చెడ్డవి కావు, డోరియాలో వెలాస్కెజ్ గీసిన పదో ఇన్నొసెంట్ పోప్ చిత్రం ఒక్కటి కోసమైనా మళ్లీ వెళ్లొచ్చు. కానీ నాలుగో రోజుకు కళ్లు నిండిపోయి ఉంటాయి. వాటి బదులు వీలైతే సెంత్రాలే మోంతెమార్తినికి వెళ్లండి. 1912లో మొదలైన పాత కరెంటు ఉత్పత్తి కేంద్రం, నల్లటి డీజిల్ ఇంజన్ల మధ్య తెల్లటి రోమన్ విగ్రహాలు నిలబెట్టారు. ఇంజనీరింగ్ చేసిన నాన్నగారికి ఇంతకంటే నచ్చే చోటు దొరకదు. మెట్రో బీ లైనులో గార్బతెల్లా దగ్గర దిగాలి.

ఇక పాస్. రోమా పాస్ వాటికన్‌లో చెల్లదు. 72 గంటల పాస్‌తో మొదటి రెండు చోట్ల ప్రవేశం, బస్సు, మెట్రో ఉచితం, తర్వాతివాటిలో తగ్గింపు. పాస్ ఉన్నా కొలొసియంకు, బోర్గేసేకు సమయం విడిగా బుక్ చేసుకోవాల్సిందే. పైన చెప్పిన ప్లాన్‌కు విడివిడి టికెట్లే నయం. బస్సు, మెట్రో టికెట్ ఒకటిన్నర యూరో, 100 నిమిషాలు చెల్లుతుంది. మీరు రోజుకు రెండుసార్లకు మించి ఎక్కరు. అరవై దాటినవాళ్లకు యూరప్ బయటి పౌరులైతే తగ్గింపు లేదు, పద్దెనిమిది లోపు పిల్లలకు మాత్రం ప్రభుత్వ మ్యూజియాల్లో ఏ దేశంవాళ్లయినా ఉచితం.

బుకింగ్‌లన్నీ హైదరాబాద్‌లో ఉండగానే చేయండి. బ్యాంక్ యాప్‌లో కార్డుకు అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేయాలి, లేకపోతే ఆఖరి పేజీలో తిరస్కరిస్తుంది. ఓటీపీ మన సిమ్‌కే వస్తుంది, అక్కడ రోమింగ్ లేకపోతే చిక్కు. కొలొసియం టికెట్లు 30 రోజుల ముందు విడుదల చేస్తారు, పేరుతో ఇస్తారు, ద్వారం దగ్గర పాస్‌పోర్టుతో సరిచూస్తారు. మనవాళ్లకు పొరపాటు జరిగేది ఇక్కడే: ఆధార్‌లో పొడి అక్షరం, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, వాట్సాప్‌లో వాడుక పేరు. నలుగురి పాస్‌పోర్టులూ ముందు పెట్టుకుని, సర్‌నేమ్ గడిలో ఏముందో అదే సర్‌నేమ్‌లో, గివెన్ నేమ్ గడిలో ఏముందో అదే పేరులో అక్షరం పొల్లుపోకుండా కొట్టండి. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్న పెద్దవాళ్ల పాస్‌పోర్టులైతే గివెన్ నేమ్‌నే రెండు గడుల్లోనూ నింపండి.

వాటికన్ టికెట్లు అయిపోయాయని కనిపిస్తే కంగారుపడి మధ్యవర్తికి రెట్టింపు కట్టకండి. అదే సైట్‌లో గైడ్‌తో కలిపి ఇచ్చే టికెట్లు వేరే పేజీలో ఉంటాయి, అవి చాలాసార్లు మిగిలి ఉంటాయి. అవీ లేకపోతే టికెట్ లేకుండానే మధ్యాహ్నం మూడు తర్వాత వెళ్లండి. ఉదయం గంటల తరబడి ఉండే లైను అప్పటికి బాగా తగ్గుతుంది, లోపల రాత్రి 8 దాకా సమయం ఉంటుంది. అలా వెళ్తే మాత్రం పినకోటెకా ముందు చూసే క్రమం మార్చకండి, కానీ దానికి నలభై నిమిషాలకు మించి ఇవ్వకండి, ఆరున్నరకల్లా సిస్టీన్‌లో కూర్చునేలా లెక్క వేసుకోండి.